ఒరిజినల్‌కి లామినేషన్ చేయించమని ఎవరికీ చెప్పకండి

పదో తరగతి మెమోలు బడికి వచ్చిన రోజున పిల్లలకంటే ముందు వాళ్ల తండ్రులు గేటు దగ్గర నిలబడి ఉంటారు. జగిత్యాల వైపు మా ఊళ్లలో ఆ కాగితం విలువ తెలియని ఇల్లు లేదు. పది పాసైనవాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడదు. ఆ మూడు అక్షరాలు పడితే మాత్రం గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవడానికి ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు నుంచి అనుమతి తెచ్చుకోవాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద వచ్చిన ఏర్పాటు ఇది. అందుకే కొడుకు మెమో అందుకుంటుంటే తండ్రి కళ్లు ఆ కాగితం మీదే ఉంటాయి.

రిజిస్టరులో సంతకం పెట్టించుకుని మెమో చేతికిస్తూ ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకూ నేను ఒకే మాట చెప్పేవాణ్ణి. "జాగ్రత్త బిడ్డా, ఇటునుంచి ఇటే పోయి లామినేషన్ చేయించుకో." ముప్పై ఏళ్లు చెప్పాను. మంచి మనసుతోనే చెప్పాను. కానీ ఆ సలహా తప్పు. ఎంత తప్పో నా దగ్గర చదువుకున్న పిల్లవాడే ఒకరోజు తెచ్చి చూపించాడు.

నేను రిటైరైన రెండో ఏడు అతను మా ఇంటికి వచ్చాడు. ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాడు. కువైట్‌లో ఉద్యోగం కుదిరింది, సర్టిఫికెట్లు అటెస్టేషన్ చేయించి పంపమన్నారు. అతని మెమోకు బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో లామినేషన్ అయి పన్నెండేళ్లయింది. కౌంటర్లో దాన్ని తీసుకోలేదు. ప్లాస్టిక్ తీసి పట్టుకురమ్మన్నారు. ఇంటికి పోయి ఇస్త్రీ పెట్టె వేడిచేసి, పైన పాత గుడ్డ వేసి రుద్ది, మూల పట్టి లాగాడు.

"సగం దాకా మంచిగనే వచ్చింది సార్," అంటూ క్యారీబ్యాగులోంచి రెండు ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కాగితం, ఒకటి ప్లాస్టిక్ పొర. కాగితం మీద పేరు ఉంది, తండ్రి పేరు ఉంది. పుట్టిన తేదీ ఉండాల్సిన చోట తెల్లటి నూగు మాత్రమే మిగిలింది. ప్లాస్టిక్ పొరను వెలుతురుకు పెట్టి చూశాను. ఆ తేదీ, దాని కింద పుట్టుమచ్చల వివరాలు, బోర్డు ముద్రలో ఒక పక్క, అన్నీ దానికే అతుక్కుని ఉన్నాయి. తిప్పి చూస్తే అక్షరాలు అద్దంలో కనిపించినట్టు కుడి నుంచి ఎడమకు పోతున్నాయి. "మీరే చెప్పిన్రు కద సార్, లామినేషన్ చేపియ్యమని," అన్నాడు. నిందించడానికి అన్న మాట కాదది. మాట వింటే మేలు జరుగుతుందని నమ్మిన పిల్లవాడు అతను. కంపెనీ పెట్టిన గడువు దాటిపోయింది. ఆ ఉద్యోగానికి ఇంకొకరు పోయారు.

అప్పటినుంచి ఈ లామినేషన్ గురించి జనం ఒకరికొకరు చెప్పుకునే సలహాలను చెవి పెట్టి వింటున్నాను. బస్సులో, పెళ్లి పందిట్లో, షాపు దగ్గర వరసలో. ప్రేమగా ఇస్తున్న సలహాలే, కానీ చాలావరకు హాని చేసేవి. నేను విన్నవాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను, పాటించడానికి కాదు, ఎవరైనా చెబితే ఆపడానికి.

మొదటిది నేనిచ్చిందే. "లామినేషన్ చేయిస్తే కాగితం వందేళ్లుంటుంది."

షాపులో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. కాగితాన్ని రెండు పొరల ప్లాస్టిక్ కవర్లో పెట్టి వేడి రోలర్ల మధ్యకు తోస్తారు. ఆ కవర్ పైపొర పాలిస్టర్. లోపలి పొర వేడికి కరిగే జిగురు. నూరు డిగ్రీలు దాటిన వేడికి ఆ జిగురు కరిగి కాగితం పైన ఆగదు, కాగితం నారల మధ్యకు దిగి అక్కడ గట్టిపడుతుంది. అంటే కాగితాన్ని సంచిలో పెట్టడం కాదు అక్కడ జరిగేది, కాగితాన్నీ ప్లాస్టిక్‌నూ ఒకే వస్తువుగా మార్చేయడం. ఇక మళ్లీ మామూలు కాగితంగా విడదీయాలంటే కాగితం పై తోలు ఊడుతుంది. ముద్రణ ఉండేదే ఆ తోలు మీద.

కాగితాలను భద్రపరచడమే వృత్తిగా ఉన్నవాళ్లు కూడా ఒకప్పుడు ఈ దారిలో నడిచారు. అమెరికాలో విలియం బారో 1930లలో సెల్యులోజ్ అసిటేట్ పొరలను వేడితో అదిమి పాత పత్రాలకు అంటించే యంత్రం తెచ్చాడు. ఎన్నో చారిత్రక పత్రాలకు ఆ చికిత్స చేశారు. ఢిల్లీలోని మన నేషనల్ ఆర్కైవ్స్‌లో యంత్రం లేకుండా అసిటోన్‌తో, పల్చటి టిష్యూ కాగితంతో చేతి పద్ధతి ఒకటి రూపొందించుకున్నారు. తర్వాత్తర్వాత ఆ అసిటేట్ పొరలే పాడై, ఆమ్లం విడిచి, కాపాడాల్సిన కాగితానికే చేటు చేస్తున్నాయని తెలిసింది. ఇప్పుడు విలువైన పత్రానికి ప్లాస్టిక్ రక్షణ ఇవ్వాలంటే రెండు పాలిస్టర్ షీట్ల మధ్య వదులుగా పెట్టి అంచులు మాత్రమే మూస్తారు. కాగితానికి ఏదీ అంటదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు అంచు కోసి బయటికి తీయవచ్చు. తీయడానికి వీలుండాలన్నది వాళ్ల మొదటి సూత్రం. మన షాపు లామినేషన్‌లో లేనిదే అది.

"సర్కారే లామినేషన్ చేసి ఇస్తుంది కదా, మనం చేయిస్తే తప్పేంటి?" ఇది వినడానికి న్యాయంగానే ఉంటుంది. అసలు మనకు ఈ అలవాటు అంటింది అక్కడే అని నాకనిపిస్తుంది. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు 1993లో ఓటరు ఫొటో కార్డులకు ఆదేశాలు వచ్చాయి. ఊరూరా బడిలో కూర్చోబెట్టి ఫొటోలు తీసి, ప్లాస్టిక్ పొర వేసి చేతిలో పెట్టారు. మా ఊళ్లో చాలామంది ముసలివాళ్లకు తమ ఫొటో ఉన్న మొదటి సర్కారు కాగితం అదే. పాత డ్రైవింగ్ లైసెన్సులూ అలాగే వచ్చేవి. మెరిసేది పక్కా, మెరవనిది కచ్చా అని మనసులో నాటుకుపోయింది.

కానీ ఇచ్చినవాళ్లు వేసిన ప్లాస్టిక్ వేరు, పుచ్చుకున్నవాళ్లు వేయించిన ప్లాస్టిక్ వేరు. ఆఫీసువాళ్లు ముద్ర వేసి, సంతకం పెట్టి, చివరగా పైన పొర వేస్తారు. తర్వాత లోపల ఎవరూ చెయ్యి పెట్టకుండా అది కాపలా. మనం వేయించినప్పుడు ఆ కాపలా తిరగబడుతుంది. అంకె గీకి మార్చిన చోటు, ఫొటో మార్చిన చోటు, కలర్ జిరాక్స్ తీసిన కాగితం, అన్నీ ప్లాస్టిక్ కింద ఒకేలా నున్నగా ఉంటాయి. కౌంటర్లో కూర్చున్న మనిషి కాగితాన్ని వేలితో తడిమి చూస్తాడు, ఎంబాసింగ్ ముద్ర ఉబ్బు తగులుతుందా అని. వెలుతురుకు పెట్టి వాటర్‌మార్క్ చూస్తాడు. సంతకం సిరా కాగితంలోకి ఇంకిందా, అచ్చులో వచ్చిందా అని పక్కకు వంచి చూస్తాడు. ప్లాస్టిక్ ఈ పరీక్షలన్నిటికీ అడ్డం. మీరు దొంగ అని కాదు. దొంగ కాదని తేల్చుకునే దారి మీరే మూసేశారు.

ఇంకో పని కూడా ఉంది, అది మరీ సూటిది. విదేశాలకు పోయే కాగితం మీద కొత్త ముద్రలు పడాలి. చదువు సర్టిఫికెట్ అయితే ముందు రాష్ట్ర శాఖ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖది. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశానికైతే విదేశాంగ శాఖ అపోస్టిల్ అనే ధ్రువీకరణ స్టిక్కర్‌ను కాగితం వెనక వైపు అంటిస్తుంది. మన దేశంలో ఆ ఒప్పందం 2005 నుంచి అమల్లో ఉంది. సౌదీ 2022 డిసెంబరు నుంచి అందులోకి వచ్చింది. యూఏఈ, కువైట్, ఖతర్ లాంటి దేశాలు అందులో లేవు గనక అక్కడికి పోయే కాగితానికి ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. అంటే ఒక మెమో వీపు మీద ముగ్గురు ముద్ర వేయాలి. ప్లాస్టిక్ మీద సిరా నిలవదు. స్టిక్కర్ అంటించినా అది కాగితానికి అంటినట్టు కాదు, గోటితో లేపి ఇంకో దానికి మార్చవచ్చు. అందుకే లామినేషన్ ఉన్న ఒరిజినల్‌ను అక్కడ పక్కన పెడతారు.

"మా బావ లామినేషన్ మెమోతోనే ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్నాడు, ఎవరూ అడగలేదు." నిజమే అయి ఉంటుంది. కాలేజీలో చేరేటప్పుడు, ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన జరిగేటప్పుడు చాలాచోట్ల ఒరిజినల్ చూసి, జిరాక్స్‌తో సరిపోల్చి తిరిగి ఇచ్చేస్తారు. అక్కడ గడిచిపోతుంది. గడిచిపోవడమే ప్రమాదం. పదిహేనేళ్లు ఏ ఇబ్బందీ లేక, సరిగ్గా వీసా గడువు నెత్తి మీద ఉన్నప్పుడు మొదటిసారి తిరగగొడతారు. అప్పటికి చేయించిన నాన్న ఉండకపోవచ్చు, చదివిన బడి ఇంకో బడిలో కలిసిపోయి ఉండొచ్చు.

తీయడం గురించి ఇచ్చే సలహాలు అన్నిటికంటే చేటు. వేడినీళ్లలో నానబెట్టమంటారు. ఫ్రిజ్‌లో పైన మంచుగడ్డల అరలో రాత్రంతా ఉంచమంటారు. హెయిర్ డ్రయ్యర్ పట్టమంటారు, పెట్రోలో థిన్నరో పూయమంటారు. చెప్పేవాళ్లు ఒక్కసారి వాళ్ల సొంత డిగ్రీ మీద చేసి చూపిస్తే నమ్ముతాను. వేడి జిగురును మళ్లీ మెత్తబరుస్తుంది, అదే వేడి లేజర్ అచ్చు పొడినీ మెత్తబరుస్తుంది. రెండూ కలిసి ప్లాస్టిక్‌తో వస్తాయి. ద్రావకం జిగురును కరిగించేలోగా స్టాంపు సిరాను, సంతకాన్ని కరిగిస్తుంది. పత్రాల సంరక్షణ నేర్చినవాళ్లు కూడా ముందు ఒక చిన్న మూల పరీక్షించి చూశాకే చెయ్యి పెట్టే పని ఇది. మన ఇంటి ఇస్త్రీ పెట్టెతో అయ్యేది కాదు. ఆ రెండు ముక్కలు ఇప్పటికీ నా కళ్లముందు ఉన్నాయి.

ఇక ఒక సలహా ఉంది, దాన్ని తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. "పోయిందని పోలీస్ స్టేషన్లో రాయించు, నోటరీ అఫిడవిట్ పెట్టు, డూప్లికేట్ వస్తుంది." ఇంట్లో బీరువాలో మెమో పెట్టుకుని పోయిందని ప్రమాణం చేయడం నేరం. ఏజెంటు నోట ఇది ఎంత తేలిగ్గా వస్తుందో! రేపు ఆ పిల్లవాడి పేరు మీద రెండు ఒరిజినళ్లు తిరుగుతాయి, సంతకం అతనిది, ఏజెంటుది కాదు. నిజం చెప్పి అడిగే దారి ఉండగా ఈ పని ఎందుకు? లామినేషన్ వల్ల కాగితం ఫలానా ఆఫీసులో తీసుకోలేదని, లేదా తీస్తుంటే పాడైందని ఉన్నదున్నట్టు రాయండి. ఆ పాడైన ఒరిజినల్‌ను జతచేయండి. చదివిన బడి హెడ్మాస్టరు ద్వారా బోర్డుకు పంపండి. డిగ్రీ అయితే యూనివర్సిటీ పరీక్షల విభాగానికి. ఆలస్యమవుతుంది, రుసుము ఉంటుంది, రెండుమూడుసార్లు తిరగాల్సి వస్తుంది. ఆ ఎలక్ట్రీషియన్ పిల్లవాడికి అలాగే చేయించాం. ఆ దరఖాస్తు నా చేత్తో రాశాను. కొత్త కాగితం వచ్చింది, కువైట్ ఉద్యోగం మాత్రం రాలేదు.

ఆధార్ సంగతి వేరు, త్వరగా చెబుతాను. దాన్ని స్మార్ట్ కార్డుగా మార్చుకోమని షాపులవాళ్లు డబ్బు లాగుతున్నప్పుడు 2018లో ఆధార్ జారీచేసే యూఐడీఏఐ స్వయంగా హెచ్చరించింది. పోస్టులో వచ్చిన కాగితం, మామూలు తెల్ల కాగితం మీద తీసుకున్న ప్రింటు, రెండూ పూర్తిగా చెల్లుతాయని, బయట అచ్చు వేయిస్తే క్యూఆర్ కోడ్ పనిచేయకపోవచ్చని, వివరాలు ఇతరుల చేతికి పోవచ్చని చెప్పింది. గట్టి కార్డు కావాలనుకునేవాళ్లకు 2020లో తనే పీవీసీ కార్డు తెచ్చింది. ఇంకెవరి దగ్గరా చేయించనక్కర్లేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. సోషల్ సెక్యూరిటీ కార్డుకు లామినేషన్ వద్దని ఆ శాఖే చెబుతుంది, కారణం అదే. కార్డులోని భద్రతా గుర్తులు పరీక్షించడానికి వీలుకాదు.

జనన ధ్రువపత్రానికి లామినేషన్ చేయించి ఉంటే బెంగపడకండి. మీ చేతిలో ఉన్నది రిజిస్టరు నుంచి తీసిన ప్రతి, అసలు నమోదు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఉంటుంది. మీసేవలో అడిగి ఇంకొకటి తీసుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన చట్టసవరణ తర్వాత పుట్టినవాళ్లకు బడి ప్రవేశం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆధారం ఆ పత్రమే. ఒకటికి రెండు ప్రతులు తీసి పెట్టుకోండి.

భూమి దస్తావేజు దగ్గర మాత్రం చేతులు కట్టుకుని నిలబడండి. రిజిస్టరైన ఒరిజినల్ దస్తావేజును ఎవరూ రెండోసారి ఇవ్వరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికేది సర్టిఫైడ్ కాపీ మాత్రమే. బ్యాంకులో తాకట్టు పెడితే వాళ్ల వకీలుకు కావాల్సింది ఒరిజినల్. స్టాంపు కాగితం నీటిగుర్తు, వెనక రిజిస్ట్రేషన్ ముద్రలు, వేలిముద్రలు చూడాలి. తాత కొన్న రెండెకరాల దస్తావేజును బాగా చూసుకోవాలనే ప్రేమతో పేజీ పేజీకీ ప్లాస్టిక్ వేయించిన కుటుంబం నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి.

"మరి వాన, వరద, చెదలు? గాలికి వదిలేయమంటారా?" ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖలో కప్పులు లేపుకుపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ ఇళ్లలోకి మనిషి ఎత్తున వచ్చింది. నీళ్ల నుంచి లామినేషన్ కాపాడుతుందన్న మాట చాలావరకు నిజం. కానీ జిప్పు కవరూ కాపాడుతుంది, అందులోంచి కాగితం బయటికి వస్తుంది కూడా. నేను ఇప్పుడు ఇంట్లో చేస్తున్నది చెబుతాను. ఒక్కో ఒరిజినల్‌ను విడిగా ఒక తెల్ల కాగితం మడతలో పెట్టి, ఆ మడతను పాలీప్రొపిలీన్ షీట్ కవర్లో పెడతాను. మెత్తగా, జిడ్డుగా, ఘాటు వాసనతో ఉండే పాత రకం వినైల్ కవర్లు వాడను. ఏళ్లు గడిచాక అవి జిరాక్స్ అక్షరాలను కాగితం మీంచి పీకి తమకు అంటించుకుంటాయి. మా పాత ఫైళ్లలో చూశాను, కవర్ మీద వాక్యాలు చదవడానికి వస్తున్నాయి. స్టేప్లర్ పిన్ను కొట్టను, తుప్పు పడుతుంది. చిరిగితే సెల్లోటేపు వేయను, అది పసుపు తిరిగి కాగితాన్ని తినేస్తుంది. పంచింగ్ చేయను, మడవను. అన్నీ కలిపి జిప్పు సంచిలో వేసి, సంచిని ట్రంకు పెట్టెలో, పెట్టెను నేల మీద కాకుండా బీరువా పై అరలో ఉంచుతాను. వానాకాలం పోయాక ఒక ఎండరోజు నీడపట్టున తీసి ఆరబెడతాను. అంతకు ముందే ప్రతి కాగితానికీ రెండు వైపులా స్కాన్ తీసి ఇద్దరు పిల్లల దగ్గరా ఉంచాను.

డిజిలాకర్ 2015 జులైలో వచ్చింది. జారీచేసిన సంస్థ నుంచి నేరుగా అందులోకి వచ్చిన పత్రాలు ఒరిజినళ్లతో సమానమని 2017లో నియమాలు సవరించారు. ఈమధ్య సంవత్సరాల మెమోలు అందులో దొరుకుతున్నాయి. దేశంలో చాలా పనులకు అవి సరిపోతాయి. విదేశంలో కాగితమే అడిగితే కాగితమే కావాలి.

ఇప్పటికే లామినేషన్ చేయించి ఉన్నవాళ్లు ముందుగా చేయాల్సింది ఒక్కటే. దాన్ని ముట్టుకోకండి. మంచి స్కాన్ తీసుకోండి. ఏ ఆఫీసుకు ఇవ్వాలో వాళ్లను ముందుగా అడగండి, వీలైతే రాతపూర్వకంగా. వాళ్లు కాదంటే, గడువుకు చాలా ముందే, నిజం రాసి కొత్త ప్రతికి దరఖాస్తు పెట్టండి. విదేశం పోవాలన్న ఆలోచన ఉన్న ఇంట్లో ఈ పని పాస్‌పోర్టుతో పాటే మొదలుపెట్టాలి, వీసా వచ్చాక కాదు.

హెడ్మాస్టర్లకు నా విన్నపం. మెమోలు పంచే రోజున ఆ రిజిస్టరు పక్కన ఒక షీట్ కవర్ల కట్ట పెట్టండి. మెమోను అందులో పెట్టి పిల్లల చేతికివ్వండి, నేను చెప్పిన మాట మీరు చెప్పకండి. జిరాక్స్ షాపుల అన్నలారా, తమ్ముళ్లారా, మీకు వచ్చే పది ఇరవై రూపాయలు నాకు తెలుసు, కాదనను. కాగితాన్ని మెషిన్లోకి తోసే ముందు "ఇది ఒరిజినలా?" అని ఒక్కమాట అడగండి. అవునంటే లామినేషన్ చేయకుండా తిరిగి ఇచ్చేయండి.